కాలేజీ చూసొచ్చాకే ఆప్షన్

జూలై వచ్చిందంటే పోలవరంలో రెండు సంగతుల మీదే మాట నడుస్తుంది. భద్రాచలం దగ్గర గోదారి ఎన్ని అడుగులుంది అన్నది ఒకటి. ఎంసెట్ ఆప్షన్లు ఎప్పుడు అన్నది రెండోది. పరీక్ష పేరు 2021లో ఈఏపీసెట్‌గా మారినా జనం నోట్లో అది ఇంకా ఎంసెట్టే. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని ఇక్కడ బడికెళ్లే పిల్లాణ్ని అడిగినా చెబుతాడు. ఎగువన నీటిమట్టం విని, ఇంట్లో బియ్యం బస్తా ఎప్పుడు అటకెక్కించాలో లెక్క కట్టుకోగల ఊరు ఇది. అంత ముందుచూపున్న ఊళ్లోనూ నాలుగేళ్లు చదవబోయే కాలేజీని మాత్రం కంటితో చూడకుండానే ఎంచుకుంటున్నారు.

ఆప్షన్లు పెట్టే రోజుల్లో ఏ నెట్ సెంటర్లోనైనా కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. కుర్చీలో కుర్రాడు, వెనకాల వాళ్ల నాన్న, పక్కన ఫోన్లో మేనమామ. తెర మీద కాలేజీ పేరు, దాని కోడ్, బ్రాంచి, నిరుటి ఆఖరి ర్యాంకు. కుర్రాడు ఏ బ్రాంచో చూస్తున్నాడు. తండ్రి అడిగేది ఒకటే: “ఆ కాలేజీ బస్సు మనూరొస్తుందంటావా?” ఫోన్లో మేనమామ, వాళ్ల ఆఫీసులో ఎవరో చెప్పారని ఇంకో పేరు చెబుతాడు. పేర్లు పైకీ కిందికీ మారతాయి. అరగంటలో పని అయిపోతుంది. ఆ జాబితాలో ఉన్న కాలేజీల్లో ఒక్కదాని గేటైనా ఆ ముగ్గురిలో ఎవరూ దాటి ఉండరు.

కాలేజీలు మాత్రం ఇంటిదాకా వస్తాయి. ఇంటర్ పరీక్షలు అయ్యీ అవ్వకుండానే పీఆర్వోలు ఊళ్లోకి దిగుతారు. కరపత్రం, సంచీ, ప్లేస్‌మెంటు వచ్చిన పిల్లల ఫొటోలతో రంగుల పుస్తకం ఇస్తారు. మేనేజ్‌మెంటు కోటా అయితే ఫీజు బేరం, కన్వీనరు కోటా అయితే “హాల్ టికెట్ నంబరివ్వండి, ఓటీపీ చెప్పండి, ఆప్షన్లు మేమే పెట్టేస్తాం” అన్న భరోసా. ఇంజినీరింగ్ సీట్లలో 70 శాతం కన్వీనరు కోటా కింద ర్యాంకును బట్టి, పిల్లవాడి ఇష్టాన్ని బట్టి నిండాలని నిబంధన. ఓటీపీ చేతులు మారిన క్షణాన ఆ ఇష్టం పిల్లవాడిది కాకుండా పోతుంది. ఇది మోసమని చాలామంది తల్లిదండ్రులకి తెలియకపోవడం కన్నా, ఇదొక సాయమని వాళ్లు అనుకోవడం నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

సంతలో గేదెను కొనాలంటే పాలు పితికి చూపించమంటాం. కాలేజీ దగ్గరికొచ్చేసరికి బొమ్మ చూసి బేరం కుదుర్చుకుంటున్నాం.

ముందు వెళ్లి చూసొచ్చిన పిల్లల మనసు ఎలా మారుతుందో ఈ మండలంలోని ఒక పునరావాస కాలనీ అమ్మాయి సంగతి వింటే అర్థమవుతుంది. పోలవరం ప్రాజెక్టు కింద ఊరు పోయి, వరుస ఇళ్ల కాలనీలోకి వచ్చిన కుటుంబం. ఆ పిల్లకి మంచి ర్యాంకే వచ్చింది. మొదటి ఆప్షను అప్పటికే ఖాయం చేసుకుంది: హైవే పక్కన అద్దాల మేడ, ఊళ్లో ప్రతి ఫ్లెక్సీ మీదా దాని పేరే. వాళ్లమ్మ మాత్రం ఒప్పుకోలేదు. “నేను చూడందే పంపను” అని పట్టుబట్టి, కూతుర్ని తీసుకుని పట్టిసీమ, గూటాల, తాళ్లపూడి, కొవ్వూరు మీదుగా గోదారి దాటింది. ఆఫీసులో ఏసీ, కూల్ డ్రింకు, మర్యాద, అన్నీ బాగున్నాయి. ల్యాబ్ చూస్తామంటే “తాళం ఉన్న సారు లీవులో ఉన్నారండి” అన్నారు. క్లాసులు జరిగే రోజే అయినా రెండో అంతస్తులో మూడు గదులు ఖాళీ. హాస్టల్ చూపించమంటే మోడల్ గది ఒకటి చూపించారు. అందులో దుప్పటి మడత కూడా విప్పలేదట.

మర్నాడు ఇంకో కాలేజీ, జాబితాలో నాలుగోది. గోడలకి సున్నం పెచ్చులూడుతోంది. ఆ పిల్ల గుమ్మం దగ్గరే మొహం చిట్లించింది. లోపల ల్యాబులో రెండో ఏడాది పిల్లలు నలుగురు ఒక మోటారును బల్ల మీద విప్పేసి, దాని వైండింగ్ గురించి వాదులాడుకుంటున్నారు. చేతులకి గ్రీజు. అందులో ఒకమ్మాయి వీళ్లని చూసి, “మీరు ఏ ఊరండీ?” అంది. చెప్పగానే, “ఆయ్, మాదీ ఆ పక్కేనండి, కుక్కునూరు” అంది. అక్కడితో పరిచయం అయిపోయింది. ఇంగ్లిషులో పాఠం అర్థమవుతుందా, తెలుగు మీడియంలో చదివినోళ్లని వెక్కిరిస్తారా, మొదటి సెమిస్టర్లో ఎన్ని సబ్జెక్టులు పోయాయి... ఏ కరపత్రంలోనూ ఉండని ఈ ప్రశ్నలన్నీ ఆ పిల్ల పావుగంటలో అడిగేసింది. “ఫస్ట్ సెమ్‌లో మ్యాథ్స్ పోయింది నాకు. ఏడ్చాను కూడా. సప్లీలో వచ్చేసింది” అని కుక్కునూరు అమ్మాయి దాచుకోకుండా చెప్పింది.

తల్లి ఈ లోపల వార్డెన్ని వెంటబెట్టుకుని హాస్టల్లో నేరుగా స్నానాల గదికి వెళ్లింది. కుళాయి తిప్పింది. నీళ్లు వచ్చాయి. పై అంతస్తుకెళ్లి అక్కడా తిప్పింది. అక్కడా వచ్చాయి. రాత్రి కరెంటు పోతే ఏంటి, ఒంట్లో బాగోకపోతే ఎవరు తీసుకెళ్తారు అని అడిగింది. ఏటా వరదకి బిందెలు మోసి, ట్యాంకర్ కోసం వరుసలో నిలబడ్డ మనిషికి కుళాయి కన్నా పెద్ద పరీక్ష ఏముంటుంది? ఆ రాత్రి ఇంటికొచ్చాక మొదటి ఆప్షను, నాలుగో ఆప్షను చోట్లు మార్చుకున్నాయి. బ్రాంచి కూడా మారింది. కంప్యూటర్ సైన్సు తప్ప వేరే మాటెత్తని పిల్ల, ఎలక్ట్రికల్ పైకి తెచ్చుకుంది.

ఇందులో మేడ అందమా, పాత గోడలా అన్న పోటీ లేదు. పిల్లలు కాలేజీ చూడ్డానికి వెళ్లి నిజానికి చూసేది తమలాంటి మనిషిని. “ఇక్కడ నాలాంటిది బతకగలదా?” అన్న భయానికి జవాబు అక్కడ చదువుతున్న మనిషే ఇవ్వగలదు. పల్లె నుంచీ, మన్యం నుంచీ వచ్చే పిల్లల విషయంలో ఇది మరీ నిజం. ఇంట్లో మొదటి తరం చదువు. కాలేజీ అంటే ఎలా ఉంటుందో చెప్పే అన్న లేడు, అక్క లేదు.

కాలేజీలో ఒక్క మనిషి చాలు దారి మారడానికి అనే మాటకి రాజమండ్రిలోనే పాత సాక్ష్యం ఉంది. 1853 నాటి ఆర్ట్స్ కాలేజీ అది. వీరేశలింగం పంతులుగారు తెలుగు చెప్పింది అక్కడే, సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం పనిచేసిందీ అక్కడే. గత శతాబ్దం రెండో దశాబ్దంలో ఆ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లండు దొర ప్రిన్సిపాలు. స్వయంగా బొమ్మలు వేసేవాడు. దామెర్ల రామారావు అనే ఊరి కుర్రాడి బొమ్మలు ఆయన కంట పడ్డాయి. ఇక్కడి పరీక్షలతో ఆ కుర్రాడికి పని లేదని గ్రహించి, 1916లో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించడానికి పూనుకున్నాడు. రామారావు 1925లో ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే పోయాడు గానీ, ఆంధ్ర చిత్రకళ అన్నప్పుడు ఇవాళ్టికీ ముందు ఆయన పేరే చెప్పుకుంటాం. అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. బొంబాయిలో అలాంటి బడి ఒకటుందని రాజమండ్రి కుర్రాడికి చెప్పే మనిషి దొరికాడు కాబట్టి అది జరిగింది. పోలవరం కుర్రాడికి ఇవాళ అలా చెప్పేవాళ్లెవరు?

గోదావరి జిల్లాలకి చదువుల కొరత ఎప్పుడూ లేదు. కాకినాడ పీఆర్ కాలేజీ 1884 నుంచీ ఉంది. ఏలూరు సీఆర్ రెడ్డి కాలేజీ, భీమవరం డీఎన్నార్ కాలేజీ రెండూ 1945లో పుట్టాయి. 1946లో విశాఖపట్నం పేరుతో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ కాకినాడ చేరి, ఇప్పుడు జేఎన్‌టీయూకే అయింది. రైతులు, జమీందార్లు, వ్యాపారులు చందాలేసి కట్టిన కాలేజీలు డెల్టా అంతటా ఉన్నాయి. అవన్నీ డెల్టాలో ఉన్నాయి, అదే తేడా. కాలవ నీళ్లు ముందు అందిన చోటే కాలేజీ కూడా ముందు వచ్చింది. పోలవరం దగ్గర గోదారి కొండల్లోంచి బయటపడి మైదానంలో అడుగుపెడుతుంది. ఆ గీతకి పైనున్న ఊళ్లకి కాలేజీ ఇంకా దూరపు చుట్టమే.

ఆ పై ఊళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో ఖమ్మం జిల్లా నుంచి పశ్చిమ గోదావరికి వచ్చాయి, 2022లో ఏలూరు జిల్లాలో కలిశాయి. అక్కడి పిల్లల అన్నలు, బాబాయిలు చదివింది భద్రాచలం, పాల్వంచ, ఖమ్మం వైపు. తెలిసిన కాలేజీలన్నీ రాత్రికి రాత్రి పక్క రాష్ట్రానివి అయిపోయాయి. స్థానికత ఇటు, పరిచయం అటు. దానికి తోడు వరద. 2022 జూలైలో ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పరీక్ష 4 నుంచి 8 దాకా, వ్యవసాయం, ఫార్మసీ పరీక్ష 11, 12 తేదీల్లో జరిగాయి. 16వ తేదీకి భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి చేరింది. 1986 తర్వాత అంత నీరు చూడలేదు. పరీక్ష రాసి ఇంటికొచ్చిన పిల్లకి ఇల్లే లేదు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అలాంటి ఇంటికి “వెబ్‌సైట్లో వివరాలన్నీ ఉన్నాయి” అంటే అది సమాచారం ఇచ్చినట్టా?

అందుకే జూలైలో, ర్యాంకు వచ్చాక చూడటం ఆలస్యం అంటాను. చూడాల్సింది ఎనిమిదిలో, తొమ్మిదిలో. అమెరికాలో ఆర్కాన్సా విశ్వవిద్యాలయం వాళ్లు ఎనిమిదో తరగతి పిల్లల మీద ఒక పరిశీలన చేశారు. కొందరికి కాలేజీ సమాచారం ఉన్న కాగితాలు మాత్రమే ఇచ్చారు. చీటీలు తీసినట్టుగా ఎంచుకున్న మరికొందరిని ఆ కాగితాలతో పాటు మూడుసార్లు క్యాంపస్‌కి తీసుకెళ్లారు. చూసొచ్చిన పిల్లలకి కాలేజీ గురించి ఎక్కువ తెలిసింది, టీచర్లతో ఆ విషయం ఎక్కువగా మాట్లాడారు, పై తరగతిలో కష్టమైన కోర్సులు తీసుకోవడానికి ముందుకొచ్చారు. కాగితం చేయలేని పని కాళ్లు చేశాయి.

మనకి ఆ అవకాశం దగ్గర్లోనే ఉంది. 2008లో పెట్టిన నూజివీడు ట్రిపుల్ ఐటీ పల్లెటూరి పిల్లల కోసం పుట్టింది. అక్కడ సీటు మామూలుగా పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు, సర్కారు బడి పిల్లలకి కాస్త వెసులుబాటు కూడా ఉంటుంది. 2022లో జిల్లాలు మారినప్పుడు నూజివీడు, పోలవరం ఒకే ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. తొమ్మిదిలో ఉండగా ఆ క్యాంపస్‌లో ఒక పూట తిరిగిన పిల్ల పదో తరగతి లెక్కల పుస్తకం తెరిచే తీరే వేరుగా ఉంటుంది. పది అయిపోయాక చూపిస్తే ఆ పిల్లకి మిగిలేది బాధే. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్‌ఐటీ ఉంది. అందులో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. ఆ పక్కనే వెంకటరామన్నగూడెంలో 2007లో వచ్చిన ఉద్యాన విశ్వవిద్యాలయం. జీడిమామిడి, పామాయిల్ తోటల మధ్య పెరిగే మెట్ట పిల్లలకి తోట గురించి డిగ్రీ ఉంటుందని తెలియకపోతే అది ఎవరి తప్పు? పాపికొండల్లో ఉండే కొండరెడ్లు, కోయల పిల్లలకి విజయనగరంలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. అక్కడికి ఒక్క బస్సు వేసి తీసుకెళ్లడం కేఆర్ పురంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి పెద్ద పని కాదు.

చూసొచ్చినంత మాత్రాన సరైన నిర్ణయమే వస్తుందని మాత్రం అనుకోవద్దు. చూపు కూడా మోసం చేస్తుంది. యూరీ సైమన్‌సోన్ అనే పరిశోధకుడు 2010లో ఒక ఆసక్తికరమైన వ్యాసం ప్రచురించాడు. చదువు బాగా ఒత్తిడిగా ఉంటుందని పేరున్న ఒక అమెరికా విశ్వవిద్యాలయాన్ని చూడ్డానికి వచ్చిన 1,284 మంది విద్యార్థుల లెక్క తీశాడు. వాళ్లు వచ్చిన రోజు ఆకాశం మబ్బు పట్టి ఉంటే, అక్కడే చేరే అవకాశం పెరిగిందట! ముసురు రోజున పుస్తకాల మీద మనసు పోతుంది, ఎండ కాసిన రోజున ఆటపాటల మీదికి పోతుంది అని ఆయన వివరణ. నాలుగేళ్ల నిర్ణయంలో ఆ రోజు మబ్బుకి కూడా ఒక ఓటు ఉందన్నమాట. మే నెల రాజమండ్రి ఎండలో, చెమటలు కక్కుతూ చూసిన మంచి కాలేజీ కూడా నచ్చకపోవచ్చు. ఏసీ గదిలో కూర్చోబెట్టిన చోటు బాగా నచ్చేయవచ్చు. ఎందుకు నచ్చిందో ఇంటికొచ్చాక ఒకసారి నిమ్మళంగా తలుచుకోవాలి.

అంతకన్నా పెద్ద ప్రమాదం, కాలేజీలే బస్సు వేసి ఇంటర్ పిల్లల్ని తీసుకెళ్లి చూపించే పండగ రోజు. ఆ రోజు రోబో నడుస్తుంది, డ్రోను ఎగురుతుంది, బిర్యానీ పెడతారు. చూపించాలనుకున్నదే చూపిస్తారు. అనుభవజ్ఞులైన పరిశీలకులు వచ్చి ఇచ్చే గ్రేడుల మీద కూడా పూర్తిగా ఆధారపడలేని పరిస్థితి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో లంచం ఆరోపణల మీద, కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ పరిశీలన బృందం సభ్యుల్ని సీబీఐ అరెస్టు చేసిన కేసు మన రాష్ట్రంలోని ఒక విద్యాసంస్థకి సంబంధించిందే. నేరం తేల్చాల్సింది కోర్టు. కానీ గోడ మీద గ్రేడు అక్షరం చూసి పిల్లని చేర్చే తల్లికి ఆ వార్త ఒక హెచ్చరిక.

అందుచేత చెప్పకుండా వెళ్లడమే మేలు. సెలవు రోజున వద్దు, ఉత్సవం రోజున అసలే వద్దు. మామూలు మంగళవారమో బుధవారమో పొద్దున పది గంటలకి వెళ్లాలి. ఆ టైముకి క్లాసుల్లో ఎంతమంది ఉన్నారో, వరండాల్లో ఎంతమంది ఉన్నారో కనిపిస్తుంది. నోటీసు బోర్డు మీద కాగితాల తేదీలు చదివితే ఆ కాలేజీ బతికున్నదో లేదో అర్థమవుతుంది. లైబ్రరీలో పుస్తకాలు ఎన్నున్నాయని అడగటం కన్నా, నిన్న ఎన్ని బయటికెళ్లాయో రిజిస్టరులో చూడటం నయం. ల్యాబులో పరికరం మీద వేలు పెట్టి దుమ్ము చూడండి. ప్లేస్‌మెంట్ల మాట వచ్చినప్పుడు మొత్తం ఎంతమంది అని కాకుండా, మా అమ్మాయి చేరబోయే బ్రాంచిలో నిరుడు ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి వచ్చింది అని అడగాలి. జవాబు చెప్పడానికి నసిగితే అదే జవాబు. అన్నిటికన్నా ముఖ్యం, పీఆర్వో పక్కన లేకుండా క్యాంటీన్లోనో బస్టాపులోనో రెండో ఏడాది పిల్లలతో పది నిమిషాలు మాట్లాడటం. మొదటి ఏడాది వాళ్లకి ఇంకా తెలియదు, ఆఖరి ఏడాది వాళ్ల మనసు ఉద్యోగం మీద ఉంటుంది. నిజం రెండో ఏడాదిలో దొరుకుతుంది.

ఆడపిల్లని తీసుకెళ్తే అమ్మ కూడా వెళ్లాలి. మా ప్రాంతంలో ఆడపిల్లల పై చదువు ఆగిపోయేది ర్యాంకు రాక కాదు, “అంత దూరమా” అన్న ఒక్క మాటతో. ఆ దూరం అమ్మ ఒకసారి వెళ్లొస్తే సగమవుతుంది. వార్డెన్ మొహం తెలుసు, బస్సు దిగే చోటు తెలుసు, పక్క గదిలో ఉండే పిల్లది ఏ ఊరో తెలుసు. ఆ తర్వాత నాన్నని ఒప్పించే పని అమ్మే చూసుకుంటుంది.

మరి పెద్దల వంతు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఏటా ఒక రోజు గేట్లు బార్లా తెరిచి, ల్యాబులన్నీ జనానికి చూపిస్తుంది. మన విశ్వవిద్యాలయాలు ఆ పని ఎందుకు చేయకూడదు? కేంద్రం 2015లో మొదలుపెట్టిన రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్‌లో బడి పిల్లల్ని ఉన్నత విద్యాసంస్థలకి తీసుకెళ్లే ఏర్పాటు ఉంది. పోలవరం, బుట్టాయగూడెం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో తొమ్మిదో తరగతి చదివే ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఏడాదికి ఒక్క రోజు ఆ ప్రయాణం దక్కాలి. ప్రాజెక్టు కోసం ఊళ్లిచ్చిన కుటుంబాల పిల్లలకి అది ముందుగా దక్కాలి. 48 గేట్ల స్పిల్‌వే చూడ్డానికి రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లల్ని బస్సుల్లో తీసుకొచ్చి చూపించాం. ఆ గేట్ల వెనక ఊళ్లు పోగొట్టుకున్న పిల్లలకి ఒక కాలేజీ గేటు చూపించడానికి బస్సు దొరకదా? జిల్లా విద్యాశాఖ, ఐటీడీఏ అధికారులు ఈ దసరా సెలవులయ్యాకే దీన్ని మొదలుపెట్టవచ్చు.

అధికారులు కదిలేదాకా మనం ఆగనక్కర్లేదు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేదు. తల్లీకూతుళ్లు పొద్దున బయల్దేరితే రాజమండ్రి, తాడేపల్లిగూడెం చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు. కాకినాడకి, నూజివీడుకి ఇంకో రోజు పెట్టుకోండి. ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల ఉంటే ఆమెనీ వెంట తీసుకెళ్లండి. ఆప్షన్ల ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకండి. బస్సెక్కేటప్పుడు ఆధార్ కార్డు మర్చిపోకండి.